గొర్రెల తిరుగుడు రోగానికి రేచుకుక్కలే కారణమా?

ప్రశ్న: మాది కడప జిల్లా పోరుమామిళ్ల ప్రాంతం. నల్లమల అంచున గొర్రెలు మేపుతాము. ఈ ఏడు మందలో కొన్ని పిల్లలు తల ఒక పక్కకు వాల్చి, గుండ్రంగా తిరుగుతూ, మేత మాని చనిపోయాయి. ఒకదాని తల పగలగొట్టి చూస్తే మెదడులో నీటితిత్తి కనిపించింది. అడవిలోని రేచుకుక్కల పెంట వల్లనే ఇలా అవుతోందని, వాటికి విషం పెట్టాలని కొందరంటున్నారు. నిజమేనా? – ఒక గొర్రెల పెంపకందారు

జవాబు: మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇది టీనియా మల్టిసెప్స్ అనే బద్దెపురుగు వల్ల వచ్చే రోగంగా తోస్తోంది. పెద్ద పురుగు కుక్కజాతి జంతువుల పేగులలో ఉంటుంది. వాటి పెంటతో బయటపడిన గుడ్లు మేతతో పాటు గొర్రె కడుపులోకి చేరితే, అందులోని పిల్లపురుగు రక్తంలో ప్రయాణించి మెదడులో తిత్తిగా మారి, కొన్ని నెలలలో కోడిగుడ్డంత పెరిగి మెదడును నొక్కుతుంది. ఆ తల మళ్లీ కుక్క తింటేనే పురుగుకు తరువాతి తరం ఉంటుంది.

రేచుకుక్క, తోడేలు, నక్క కూడా ఈ పురుగును మోయగలవన్నది నిజమే. అయితే రేచుకుక్కలు ఎక్కువగా అడవి లోపల దుప్పుల వంటి జంతువులను వేటాడి బతుకుతాయి. మీ దొడ్డి పక్కనే పడుకుని, మందతో పాటు రోజూ నడిచి, కోసిన గొర్రె తలకాయను కొరికేది మీ కుక్కే. కాబట్టి నా అనుమానం ముందుగా దానిమీదికే పోతుంది. చచ్చిన పిల్ల తలను పగలగొట్టిన తరువాత ఎక్కడ వేశారో ఒకసారి గుర్తు చేసుకోండి. విషం మాట మాత్రం దయచేసి వదిలివేయండి: రేచుకుక్క 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువు, ప్రపంచంలోనే అంతరించిపోతున్న జాతి, పైగా ఆ విషం మొదట తినేది ఊరికుక్కలే కావచ్చు.

పశువైద్యుని సలహాతో మందకుక్కలన్నింటికీ ఆరు వారాలకొకసారి ప్రాజిక్వాంటెల్ మాత్ర, కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల చొప్పున ఇప్పించండి. ఆ మందు పురుగును చంపుతుంది గాని గుడ్లను చంపదు. అందువలన రెండు రోజులు కుక్కను కట్టివేసి, దాని పెంటను లోతుగా పూడ్చిపెట్టాలి. తలకాయ, కార్జం, ఊపిరితిత్తులు పచ్చివి ఎప్పుడూ వేయకండి. అరగంటకు పైగా ఉడికించాకే పెట్టండి. ఇదే జాగ్రత్త హైడాటిడ్ తిత్తుల రోగాన్నీ అడ్డుకుంటుంది. అది కుక్క పెంటలోని గుడ్ల ద్వారా మనుషుల కాలేయానికీ, ఊపిరితిత్తులకూ సోకుతుంది కనుక, కుక్కను ముట్టుకున్న పిల్లల చేత అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడిగించండి.

ఇప్పటికే తిరుగుతున్న గొర్రెకు మందులు సాధారణంగా పనిచేయవు. పుర్రె ఒకచోట మెత్తబడి ఉంటే శస్త్రచికిత్సతో తిత్తిని తీయవచ్చు. ఆలస్యం చేయకుండా పశువైద్యశాలలో చూపించండి.