హెవీ డ్యూటీ పికప్ ఖాళీగా నడిచేటప్పుడు కుదుపు తగ్గాలంటే ముందు ఏది మార్చాలి?

మీరు రాసినదాన్ని బట్టి మీది ఒక టన్ను తరగతికి చెందిన డీజిల్ పికప్. వెనుక కమాన్లు (ఇనుప పట్టీల కట్టలుగా ఉండే లీఫ్ స్ప్రింగులు), ముందు కాయిల్ స్ప్రింగులు ఉన్నాయి. ఎక్కువ రోజులు ఖాళీగానే తిరుగుతుంది, అప్పుడప్పుడు మాత్రం బరువైన ట్రైలర్‌ను లాగుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు వెనుక భాగం ఎగిరిపడి మీకు నడుము నొప్పి వస్తోంది, వెనుక స్ప్రింగులకు తోడుగా గాలి నింపే రబ్బరు సంచులు, అంటే ఎయిర్ బ్యాగులు వేయిస్తే మెత్తబడుతుందని ఎవరో సలహా ఇచ్చారు. ఇదే తరగతి బండిని ఇదే రకమైన పనికి నేను ఏళ్ల తరబడి వాడుతున్నాను కాబట్టి నా అభిప్రాయం ముందే చెబుతాను. ఎయిర్ బ్యాగుల సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మొదట టైర్లలో గాలి సరిచేయండి, తరువాత షాక్ అబ్జార్బర్లు చూడండి, ఆ రెండింటితోనూ తీరకపోతేనే కమాన్ల మీద చేయి వేయండి. ఒక మార్పు చేశాక కొన్నాళ్లు అదే దారిలో నడిపి చూసి, ఆ తరువాతే రెండో దానికి వెళ్లండి. అన్నీ ఒకేసారి మార్పిస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో ఎన్నటికీ తెలియదు.

ఈ క్రమం ఎందుకో అర్థం కావాలంటే బండి ఎందుకు ఎగిరిపడుతోందో చూడాలి. స్ప్రింగు మీద ఉన్న బరువుకు అది ఎంత కిందికి దిగుతుందో దాన్నిబట్టి అది సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో నిర్ణయమవుతుంది. బరువుకు 25 సెంటీమీటర్లు దిగే స్ప్రింగు సెకనుకు ఒకసారి ఊగుతుంది; 6 సెంటీమీటర్లే దిగేది రెండుసార్లు ఊగుతుంది. మనిషికి హాయిగా అనిపించే ఊపు సెకనుకు ఒకటి నుంచి ఒకటిన్నర సార్ల మధ్య ఉంటుంది. ఒక టన్ను పైబడిన సరుకును మోయడానికి కట్టిన కమాన్లు ఖాళీ తొట్టి బరువుకు అంతగా దిగవు కాబట్టి ఊపు సెకనుకు రెండుసార్లకు చేరుతుంది, ఒక్కోసారి దాటుతుంది కూడా. వాటి మీద బరువు రెట్టింపైతే అదే ఊపు సుమారు 1.4కు తగ్గుతుంది. లోడు వేసిన రోజున మీ బండి మీకే కొత్తగా, నెమ్మదిగా అనిపించడానికి కారణం ఇదే. అంటే మీ బండిలో లోపమేమీ లేదు. అది మోయవలసిన బరువు ఒకటి, రోజూ మోస్తున్నది మరొకటి.

ఇక టైర్ల విషయం. నా అనుభవంలో అన్నిటికంటే పెద్ద తేడా చూపింది ఇదే, పైగా దీనికి ఖర్చు లేదు. నా బండి తలుపు చట్రం మీది చీటీలో ముందు టైర్లకు 60, వెనుక టైర్లకు 80 పీఎస్‌ఐ అని ఉంది. ఆ అంకెలు బండి పూర్తి లోడుతో ఉన్నప్పటి కోసం ఇచ్చినవి. నేను ఖాళీ బండిని తూకం వేయిస్తే వెనుక యాక్సిల్ మీద సుమారు 1300 కిలోలు ఉంది, అంటే ఒక్కో టైరుకు 650 కిలోలు. లోడ్ రేంజ్ ‘E’ అనే తరగతికి చెందిన 275/70 ఆర్ 18 కొలత ఎల్‌టీ (లైట్ ట్రక్) టైరు 80 పీఎస్‌ఐ వద్ద 1650 కిలోలు మోయగలదు. మోయగల బరువులో సగం కూడా మీద పడని టైరును నిండుగా గాలి కొట్టి నడిపితే దాని పక్క గోడ వంగదు, రోడ్డు మీది ప్రతి చిన్న పగులూ నేరుగా యాక్సిల్‌కు, అక్కడి నుంచి సీటుకు చేరుతుంది. టైరు కూడా ఒక స్ప్రింగే, బండిలో రోడ్డుకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న స్ప్రింగు.

అయితే గాలి అందాజాగా తగ్గించకూడదు, ఈ మాట గట్టిగా చెప్పదలచుకున్నాను. బండి ఖాళీగా, మీరు రోజూ కూర్చునే మనుషులతో, నిండు ట్యాంకుతో ఉన్నప్పుడు వే బ్రిడ్జి దగ్గర ముందు, వెనుక యాక్సిళ్లను విడివిడిగా తూయించండి. మీ టైరు కొలతకు తయారీదారు ఇచ్చే లోడు పట్టికలో ఆ బరువుకు ఎంత గాలి కావాలో ఉంటుంది. ఆ అంకెకు కొంత వెసులుబాటు కలిపి పెట్టుకోండి, మీ బండి మాన్యువల్‌లో తక్కువ లోడుకు వేరే అంకె ఇచ్చి ఉంటే దాన్నే పాటించండి. నేను ఖాళీ రోజుల్లో వెనుక టైర్లను యాభైల్లో ఉంచుతాను, ముందు టైర్లను మాత్రం దాదాపు చీటీలో ఉన్నంతే ఉంచుతాను. డీజిల్ ఇంజిన్లలో అర టన్ను వరకు తూగేవి ఉన్నాయి, తొట్టి ఖాళీ అయినంత మాత్రాన ముందు యాక్సిల్‌కు భారం తగ్గదు. ట్రైలర్ తగిలించే ముందు వెనుక టైర్లను మళ్లీ 80కి నింపడం తప్పనిసరి, కాబట్టి మంచి కంప్రెసర్, నమ్మదగిన గేజి బండిలోనే ఉండాలి. కొలత ఎప్పుడూ టైర్లు చల్లగా ఉన్నప్పుడే తీయాలి. గాలి తగ్గించాక డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలిగితే దాన్ని కప్పిపుచ్చే దారి వెతకకండి. కొన్ని బండ్లలో తక్కువ లోడు కోసం వేరే సెట్టింగు ఉంటుంది, అది ఉంటే వాడండి. లేకపోతే దీపం వెలగని కనీస గాలి దగ్గరే ఆగండి.

టైర్లు మార్చే సమయం ఎలాగూ దగ్గరపడి ఉంటే, బ్రేకులకు అడ్డం రాని మేరకు చిన్న రిమ్ము, ఎత్తయిన పక్క గోడ ఉన్న జతను ఎంచుకోండి. 20 అంగుళాల రిమ్ము చూడటానికి బాగుంటుంది కానీ, టైరు మొత్తం ఎత్తు అంతే ఉన్నప్పుడు 17 లేదా 18 అంగుళాల రిమ్ము మీద వంగడానికి రబ్బరు ఎక్కువ దొరుకుతుంది. కుదుపు ఒక నిర్దిష్ట వేగంలోనే వచ్చి, ఆ వేగం దాటితే పోతుంటే అది సస్పెన్షన్ కాకపోవచ్చు. ఇంత బరువైన టైర్లలో గుండ్రతనం కొద్దిగా తప్పినా, బ్యాలెన్స్ తప్పినా స్టీరింగూ సీటూ అదురుతాయి. ఇక సిమెంటు రోడ్ల మీద మాత్రమే వచ్చే ఊపు వేరే కథ. పలకల అతుకులు 15 అడుగులకొకటి ఉన్న రోడ్డు మీద గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తే సెకనుకు ఆరు దెబ్బలు తగులుతాయి. కూర్చున్న మనిషి వెన్ను నిలువు కదలికను అన్నిటికంటే ఎక్కువగా గ్రహించేది సెకనుకు 4 నుంచి 8 సార్ల మధ్యనే. పొడవైన చాసిస్ కూడా ఆ దెబ్బలకు వంగి లేస్తుంది. ఆ ఊపును ఏ భాగం మార్చినా పూర్తిగా పోగొట్టలేము. వేగం పదో పదిహేనో కిలోమీటర్లు మారిస్తే తగ్గుతుందేమో చూడండి.

షాక్ అబ్జార్బర్ల గురించి చాలామందిలో ఒక అపోహ ఉంది. అవి బండిని మెత్తన చేయవు. స్ప్రింగు మొదలుపెట్టిన ఊపును త్వరగా ఆపడమే వాటి పని. ఒక గుంత దాటాక వెనుక భాగం రెండు మూడుసార్లు ఊగుతూనే ఉంటే అవి అరిగిపోయినట్టే, అప్పుడు మార్చితే తేడా స్పష్టంగా తెలుస్తుంది. గుంత దాటగానే ఒక్క పిడిగుద్దులాంటి దెబ్బ తగిలి బండి వెంటనే స్థిరపడుతుంటే తప్పు షాక్‌లది కాదు, లేదా అవి ఇప్పటికే మరీ గట్టివి. భారీ లోడు కోసం అని అమ్మే బాగా గట్టి షాక్‌లను ఖాళీగా తిరిగే బండికి వేస్తే చిన్న పగుళ్ల మీద అదురు ఇంకా పెరుగుతుంది. నేను వేయించుకున్నవి మోనోట్యూబ్ రకం, అంటే ఒకే గొట్టంతో చేసినవి. నెమ్మది కదలికను గట్టిగా పట్టి ఉంచి, చక్రం ఒక్కసారిగా పైకి తన్నినప్పుడు లోపలి ఆయిల్‌కు దారి వదిలేలా వాటి వాల్వులు ఉంటాయి. 46 మిల్లీమీటర్ల పిస్టన్ ఉన్న బిల్‌స్టీన్ 5100 ఈ కోవలో చాలామందికి తెలిసినది. మలుపుల్లో ఒరగడం, బ్రేకు వేసినప్పుడు ముక్కు దిగడం బాగా తగ్గాయి, వెనుక భాగం పక్కకు జరిగే అలవాటు దాదాపు పోయింది. మెత్తదనం మాత్రం కొద్దిగానే పెరిగిందని చెప్పాలి. బండి ఎత్తు పెంచి ఉంటే ఆ ఎత్తుకు తగిన పొడవు షాక్‌లే తీసుకోవాలి, పొట్టివి వేస్తే చక్రం కిందికి దిగినప్పుడు పూర్తిగా సాగి ఠక్కున కొట్టుకుంటాయి.

కమాన్ల దగ్గరికి వస్తే, కొత్తవి కొనే ముందు ఉన్నవాటిని శ్రద్ధగా చూడండి. కమాను పట్టీల మధ్య రాపిడి ఎక్కువైతే చిన్న కుదుపుకు అవి అసలు కదలనే కదలవు, మొత్తం కట్ట ఒకే ఇనుప దిమ్మెలా ప్రవర్తిస్తుంది. పట్టీల కొసల దగ్గర ఉండే ప్లాస్టిక్ బిళ్లలు అరిగి, మధ్యలో తుప్పు పట్టి ఉంటే కట్ట విప్పించి శుభ్రం చేయించి కొత్త బిళ్లలు వేయించడం కొత్త షాక్‌ల కంటే ఎక్కువ మేలు చేయవచ్చు. కమాను కొసను చాసిస్‌కు కలిపే షాకిల్‌లోని బుష్‌లు బిగుసుకుపోయాయేమో కూడా చూడండి. రబ్బరు బుష్‌ల బోల్టులను బండి చక్రాల మీద నిలబడి, మామూలు ఎత్తులో ఉన్నప్పుడే చివరిగా బిగించాలి. జాకీ మీద ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడిన స్థితిలోనే ఉండిపోయి బండి గట్టిగా తయారవుతుంది, త్వరగా చిరుగుతుంది కూడా.

భారీ లోడు కోసం కమాను కట్ట అడుగున ఉండే మందపు పట్టీని తీసేయమని మీకు ఎవరైనా చెబితే, మొదట బండి కిందికి తొంగి చూడండి. చాలా బండ్లలో ఆ మందపు పట్టీ ఖాళీగా ఉన్నప్పుడు దేనికీ తగలదు, లోడు పడ్డాకే పనిలోకి వస్తుంది. తగలని పట్టీని తీస్తే ఖాళీ బండి మెత్తబడదు, ట్రైలర్ రోజున మాత్రం వెనుక భాగం కూలబడుతుంది. మీకు నిజంగా కమాన్లే మార్చాలనిపిస్తే, పలుచని పట్టీలు ఎక్కువగా ఉండి లోడు పెరిగేకొద్దీ క్రమంగా గట్టిపడే కట్టను, మీ యాక్సిల్ తూకం అంకెలు ఇచ్చి తయారు చేయించుకోవడం ఉత్తమం. వెనుక కాయిల్ స్ప్రింగులున్న బండికి మారాలని ఆలోచిస్తుంటే, రామ్ 2500 అనే అమెరికన్ హెవీ డ్యూటీ పికప్‌కు 2014 మోడల్ నుంచి అవే వస్తున్నాయి. అయితే కమాన్లలో ఉండే పట్టీల రాపిడి వాటిలో లేదు కాబట్టి చిన్న అతుకుల మీద తేడా తెలుస్తుంది తప్ప అది కారులా నడుస్తుందని ఆశించవద్దు.

ఇప్పుడు ఎయిర్ బ్యాగులు. అవి ఉన్న కమాన్లకు అదనంగా చేరే స్ప్రింగులు, అంటే వాటిలో ఎంత గాలి ఉంటే అంత గట్టిదనం పెరుగుతుంది. లోడు వేసినప్పుడు వెనుక భాగం దిగకుండా ఉంచడానికి అవి చాలా మంచివి, ట్రైలర్ కోసమైతే తప్పక ఆలోచించండి. ఖాళీ బండి కుదుపుకు మాత్రం అవి మందు కాదు. వేయిస్తే ఖాళీ రోజుల్లో తయారీదారు చెప్పిన కనీస గాలి దగ్గర ఉంచండి, పూర్తిగా ఖాళీ చేస్తే రబ్బరు నలిగి పాడవుతుంది. ఇంకొకటి, అవి బండి ఎత్తును నిలబెడతాయే గాని బండికి అనుమతించిన మొత్తం బరువును ఒక్క కిలో కూడా పెంచవు.

మీ పనికి వీలైతే తొట్టిలో నూట యాభై రెండు వందల కిలోల ఇసుక బస్తాలు వెనుక యాక్సిల్‌కు కాస్త ముందుగా వేసి, కదలకుండా కట్టి చూడండి. మొరటు పద్ధతే, డీజిల్ ఖర్చు కొద్దిగా పెరుగుతుంది, ఆ బరువును ట్రైలర్ రోజున లెక్కలో కలపాలి. కానీ కమాన్లకు ఎంత భారం పడితే మీకు హాయిగా ఉంటుందో తేలిగ్గా తెలిసిపోతుంది, కొత్త కట్ట చేయించేటప్పుడు ఆ అంకె ఉపయోగపడుతుంది. నడుము నొప్పి సంగతికొస్తే, సీటు ఫోము కుంగిపోయిందేమో కూడా చూసుకోండి, పాత బండ్లలో దీన్ని ఎవరూ పట్టించుకోరు.

కమాన్ల పని చేయించిన రోజున కమానును యాక్సిల్‌కు బిగించే పాత యూ బోల్టులను తిరిగి వాడనివ్వకండి. అవి బిగించినప్పుడు సాగుతాయి కాబట్టి కొత్తవే వేయించి, కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక టార్క్ రెంచితో మళ్లీ బిగింపు సరిచూడమని అడగండి.