మెదడు చదువూ లా చదువూ: శ్రావణికి ఉత్తరం

బ్రాడీపేట, గుంటూరు

చి. శ్రావణికి, బాబాయి ఆశీస్సులు.

న్యూరోసైన్స్‌లో పీహెచ్‌డీ, లా రెండూ చేస్తానన్నావట. మంచి జోడీయే. ఒకేసారి మాత్రం వద్దు. రెండు డిగ్రీలు కలిపి చదవొచ్చని 2022లో యూజీసీ అన్నది నిజమే కానీ, అది పీహెచ్‌డీకి వర్తించదు. బార్ కౌన్సిల్ 2008 నిబంధనలైతే ఎల్‌ఎల్‌బీలో ఉండగా ఇంకో రెగ్యులర్ డిగ్రీ కూడదంటాయి. "హాజరు సంగతి మేం చూసుకుంటాం, పరీక్షలకొస్తే చాలు" అనేవాళ్లు మన వైపు దొరుకుతారు. నమ్మకు. సబ్జెక్టుకి 70 శాతం హాజరుండాలి. రేపు వకీలుగా పేరు నమోదు చేసుకునే ఎన్‌రోల్‌మెంట్ దగ్గర రెండు సర్టిఫికెట్ల తేదీలూ పక్కపక్కన పెట్టి చూశారంటే దొరికిపోతావు.

ముందు పీహెచ్‌డీ కానివ్వు. పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్‌కి వయసు అడ్డం వస్తుంది, లా ప్రవేశ పరీక్ష లాసెట్‌కి రాదు. ఫెలోషిప్ మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000, పైన ఇంటద్దె. లా చదువుకి ఎదురు మనమే కట్టాలి. పైగా ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల రికార్డు) సిగ్నల్ శుభ్రం చేయడం, కోడ్ రాయడం మూడేళ్లు వదిలేస్తే చెయ్యి తప్పుతుంది. చట్టం ఏ వయసులో పట్టుకున్నా పట్టుబడుతుంది.

అసలు నల్లకోటు కావాలా? పూర్తికాలం జీతం మీద ఉన్నవాళ్లు ప్రాక్టీసు చేయకూడదు. ల్యాబ్ ఉద్యోగంలో ఉంటూ నేలపాడు హైకోర్టులో వాదించడం కుదరదన్నమాట. విధానాలు రాసే పని మీదే నీ మనసుంటే, బెంగళూరు నేషనల్ లా స్కూల్లో రెండేళ్ల పబ్లిక్ పాలసీ మాస్టర్స్ సరిపోతుంది. న్యూరోసైన్సూ లా రెండూ కలిపి నేర్పే చోట్లు అమెరికాలో వాండర్‌బిల్ట్, విస్కాన్సిన్-మాడిసన్. కానీ అక్కడి లా డిగ్రీ తెచ్చుకుంటే ఇక్కడ నేరుగా ఎన్‌రోల్ చేసుకోరు, అర్హత పరీక్ష ఉంటుంది.

వీటన్నిటికన్నా ముందు ఒక ప్రశ్న పట్టుకో. "మెదడూ చట్టమూ" అని రాసుకెళ్తే నిమ్‌హాన్స్‌లోనైనా, ఐఐఎస్‌సీలోనైనా, మానేసర్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్‌లోనైనా ఇంటర్వ్యూలో నీళ్లు నములుతావు. బాల న్యాయ చట్టం 2015లో సెక్షన్ 15 చూడు. 16 నుంచి 18 ఏళ్ల లోపు పిల్లాడు ఘోర నేరం చేశాడంటే, పర్యవసానం గ్రహించే శక్తి వాడికుందా అని బోర్డు అంచనా వేయాలి. మెదడు ముందరి భాగం ఇరవైల మధ్యకొచ్చాక గానీ పూర్తిగా పక్వం కాదని పేపర్లు చెబుతాయి. అది గుంపు సగటు. బోర్డు ముందు నిలబడేది ఒక్క పిల్లాడు. ఈ సందులో మంచి థీసిస్ ఉంది. ఐపీసీ స్థానంలో వచ్చిన న్యాయ సంహిత సెక్షన్ 22 కింద మతిస్థిమితం లేదన్న వాదన ఇంకోటి. చట్టం చూసేది నేరం చేసిన క్షణాన్ని, స్కాన్ తీసేది ఎన్నో నెలలకి.

నిందితులకి ఇష్టం లేకుండా బ్రెయిన్ మ్యాపింగ్ లాంటి పరీక్షలు పెట్టడం మీద సుప్రీంకోర్టు ఇచ్చిన సెల్వి తీర్పు (2010) మటుకు మొదటి నుంచి చివరిదాకా చదువు. రెండొందల పైచిలుకు పేజీలు. నోట్‌బుక్‌లో ఎడమ పేజీ కోర్టుకి, కుడి పేజీ ల్యాబ్‌కి ఇవ్వు. బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షకి ఆధారం పీ300 అనే తరంగం. తెలిసిన బొమ్మో మాటో ఎదురైతే సుమారు 300 మిల్లీసెకన్లకి లేస్తుంది. ఆ గుర్తు తాను స్వయంగా చేసిన పని వల్ల వచ్చిందా, పేపర్లో చదవడం వల్ల వచ్చిందా? అది కుడి పేజీ. ఎడమ పేజీలో సంగతి వేరు. నోరు విప్పకపోయినా, ఇష్టం లేకుండా ఆ పరీక్ష పెడితే తనకు వ్యతిరేకంగా తనచేత సాక్ష్యం చెప్పించడమేనని, రాజ్యాంగం 20(3) అధికరణం ఒప్పుకోదని కోర్టు తేల్చింది. సైన్సు పిల్లలు తప్పటడుగు వేసేది సరిగ్గా ఇక్కడే. పరీక్ష నూటికి నూరు పాళ్లు కచ్చితమైనా ఎడమ పేజీ అభ్యంతరం అలాగే ఉంటుంది. కచ్చితత్వం పెంచితే చట్టం దారికొస్తుందని ప్రతిపాదనలో రాశావా, లా తెలిసినవాళ్లు అక్కడే మూసేస్తారు.

తీర్పులో సెక్షన్ నంబర్లన్నీ పాతవి. నిందితుడు చెప్పినదాన్ని బట్టి దొరికిన ఆధారం గురించిన సాక్ష్య చట్టం సెక్షన్ 27 ఇప్పుడు సాక్ష్య అధినియమం 23లో కలిసింది. 2024 జులై 1 నుంచి కొత్తవే రాయాలి.

ప్రతిపాదన రెండు పేజీలు దాటనివ్వకు. ఒక ప్రతి న్యూరాలజీ డాక్టరుకి, ఇంకోటి సెషన్స్ కోర్టులో క్రిమినల్ కేసులు చూసే వకీలుకి ఇవ్వు. "ఎంతమంది మీద చూస్తావు?" అని ఆయన, "ఏ సెక్షన్ కిందకొస్తుంది?" అని ఈయన అడుగుతారు. రెండింటికీ జవాబు ఆ పేజీల్లోనే కనపడేదాకా ప్రొఫెసర్లెవరికీ మెయిల్ పెట్టకు.

మీ బాబాయి