కారు ఫ్యూయల్ ఫిల్టర్ ఇంట్లోనే మార్చుకుంటే ప్రమాదమా?

మార్చుకోవచ్చు. నేను మూడు కార్లకు మార్చాను. మొదటిసారి ఒళ్ళు కాలకుండా బయటపడ్డానంటే అది నా తెలివి కాదు, అదృష్టం.

"రెండు క్లిప్పులు తీసి మళ్ళీ రెండు క్లిప్పులు పెట్టడమే కదా, దానికి మెకానిక్ ఎందుకు" అని ప్రశ్నలో రాశారు. కారు కింద దూరే ముందు మా బావమరిదితో నేనూ అచ్చం ఇదే మాట అన్నాను.

అది పాత పెట్రోల్ కారు. పెట్రోల్ వడకట్టే ఆ ఫిల్టర్ కారు కింద, ట్యాంకుకు కాస్త ముందు ఉంటుంది. బయట వాన పడుతోందని షెడ్డులోనే, షట్టర్ సగం దించి మొదలుపెట్టాం. బావమరిది చేతిలో వైరుకు వేలాడే పసుపు బల్బు. ఇంజిన్ ఆపి గంటైంది కాబట్టి పైపులో ఇంకేం ఉంటుందిలే అనుకున్నాను. మొదటి క్లిప్పు నొక్కి పైపు లాగానో లేదో, బుస్సుమని పెట్రోల్ చిమ్మింది. కళ్ళద్దాల మీద, మెడ మీద, చొక్కా చేతిలోంచి చంకలోకి. కళ్ళద్దాలు నేను జాగ్రత్త కోసం పెట్టుకున్నవి కావు, చూపు కోసం ఎప్పుడూ పెట్టుకునేవే. అవి లేకపోతే ఏమయ్యేదో ఊహించుకోండి.

"లైటు తీసెయ్!" అని అరిచాను. వాడు కంగారులో వెలుగుతున్న బల్బును నేల మీద పెట్టేసి, "ఆగు బావా!" అంటూ స్విచ్ దగ్గరికి పరిగెత్తాడు. ఆర్పాడు. ఏమీ కాలేదు. కాలేదు కాబట్టే ఇవాళ ఇది రాస్తున్నాను.

మేమిద్దరం చేసిన ఘనకార్యం ఎలాంటిదో తర్వాత అర్థమైంది. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, నేల మీదే పాకుతుంది. వాడు వేడి బల్బును పెట్టిందీ అక్కడే. స్విచ్ వేసినా తీసినా లోపల చిన్న నిప్పురవ్వ పుడుతుంది. పైగా సున్నాకు 40 డిగ్రీలు కిందికి దిగినా మండేంత ఆవిరి వదిలే సరుకు పెట్రోల్. అందుకే ఇప్పుడు ఎవరైనా మూసిన షెడ్డులో ఈ పని చేస్తానంటే కొరివితో తల గోక్కోవద్దని చెబుతాను. ఆరుబయట, పగటి వెలుతురులో చేయాలి. లైటు తప్పదనుకుంటే బ్యాటరీతో నడిచే ఎల్‌ఈడీ, అదీ ముందే వెలిగించి పెట్టుకోవాలి. చంకలో మంట రెండు రోజులు తగ్గలేదు, అది వేరే కథ.

ఆ చిమ్మడానికి కారణం పైపులో నిలిచిన ఒత్తిడి. ఇంజెక్షన్ ఉన్న, అంటే పెట్రోల్ను ఒత్తిడితో ఇంజిన్లోకి చిమ్మే కార్లలో అది మామూలుగా 3, 4 బార్ దాకా ఉంటుంది, అంటే టైరులో గాలి కంటే ఎక్కువ. మళ్ళీ స్టార్ట్ చేసినప్పుడు వెంటనే అందుకోవాలని, ఇంజిన్ ఆపాక కూడా ఆ ఒత్తిడి పోకుండా ఒక వాల్వు పట్టి ఉంచుతుంది. కాబట్టి గంట కాదు, రాత్రంతా ఆగినా దాన్ని నమ్మకూడదు. ముందు పెట్రోల్ మూత తెరవండి. ఇంజిన్ నడుస్తుండగా ఫ్యూయల్ పంపు ఫ్యూజ్‌నో దానికి కరెంటు ఇచ్చే స్విచ్ లాంటి రిలేనో పీకేయండి. పైపులో ఉన్నది తాగేసి ఇంజిన్ తనంతట తానే ఆగిపోతుంది. ఇంకోసారి రెండు సెకన్లు తాళం తిప్పి చూసి, ఆ తర్వాత బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, ఇంజిన్ చల్లారేదాకా ఆగండి. ఇంత చేసినా కొంచెం కారుతుంది. కింద ఒక గిన్నె, చేతులకు గ్లౌజులు, కళ్ళకు అద్దాలు ఉండాలి. కారు కింద దూరాల్సి వస్తే జాక్ ఒక్కదాన్నే నమ్మొద్దు, స్టాండ్లు పెట్టండి. పొడి చిమ్మి మంటలార్పే సిలిండర్ చేతికందేలా ఉండాలి. నీళ్ళ బకెట్ పనికిరాదు. పెట్రోల్ నీళ్ళ మీద తేలి, మంటను ఇంకా దూరం మోసుకుపోతుంది.

వీడియోల్లో ఇదంతా ఎందుకు చూపించరో నాకు అర్థం కాదు. క్లిప్పు నొక్కగానే పైపు ఊడొస్తుంది, చేతికి చుక్క కూడా అంటదు. పదేళ్ళ మట్టి పట్టిన ప్లాస్టిక్ క్లిప్పు అలా ఊడదు, విరుగుతుంది. కొత్త క్లిప్పులు ముందే తెచ్చుకోండి. బోల్టుతో బిగించే రకమైతే దానికి రెండు వైపులా ఉండే వాషర్లు కూడా కొత్తవే వేయాలి. ఒక కారుకు నేను కొన్న ఫిల్టర్ డబ్బాలో ఆ వాషర్లు లేనే లేవు. లేకుండా ఎలా అమ్ముతారండీ? రబ్బరు పైపు మార్చాల్సి వచ్చినా అంతే, సైజు సరిపోయిందని ఏదో ఒకటి వేయకూడదు, ఇంజెక్షన్ ఒత్తిడికి తట్టుకునే రకమే కావాలి. ఫిల్టర్ మీద బాణం గుర్తు ఇంజిన్ వైపు చూడాలి. రెండో కారుకు నేను తిరగేసి బిగించి మళ్ళీ విప్పాను, నవ్వకండి.

బిగించాక వెంటనే స్టార్ట్ చేయొద్దు. ఫ్యూజు, బ్యాటరీ వైరు పెట్టి, తాళం ఆన్‌లో రెండు మూడు సెకన్లు ఉంచి తీసేయండి. మూడు నాలుగుసార్లు అలా చేస్తే పంపు పైపును నింపుతుంది. చుక్క కారడం లేదని కళ్ళతో చూశాకే స్టార్ట్ చేసి, ఇంజిన్ నడుస్తుండగా ఇంకోసారి చూడండి. పెట్రోల్ తుడిచిన గుడ్డలు చెత్తబుట్టలో పడేయకుండా బయట, నిప్పుకు దూరంగా పరిచి ఆరనివ్వండి.

అసలు నవ్వొచ్చే సంగతి చెప్పలేదు. ఎత్తు ఎక్కేటప్పుడు కారు కుదుపుతోందనే ఆ మొదటి ఫిల్టర్ మార్చాను. ఇంతా చేసి, కుదుపు అలాగే ఉంది. తప్పు స్పార్క్ ప్లగ్ వైరుది. కారు కాస్త దగ్గితే చాలు "ఫిల్టర్ మార్చెయ్" అనేవాళ్ళు ప్రతి ఇంట్లో ఒకరుంటారు, మా ఇంట్లో అది బావమరిదే.

మీ కారు పెట్రోలో డీజిలో రాయలేదు. డీజిల్ అయితే ఫిల్టర్ దాకా సరే, కొత్తది వేశాక లోపల చేరిన గాలి తీయాలి, అంతే. ఇంజిన్ పక్కనున్న సన్నని ఇనుప పైపుల జోలికి మాత్రం పోవద్దు. కామన్ రైల్ అనే రకం డీజిల్ ఇంజిన్లలో వాటి ఒత్తిడి 1,500 బార్ దాటుతుంది. చిన్న బెజ్జంలోంచి వచ్చే ధార కూడా చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. అలా జరిగితే పైకి చిన్న చుక్కలా కనిపించినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. ఇక ఈమధ్య వచ్చిన చాలా పెట్రోల్ కార్లలో ఫిల్టర్ బయట ఉండదు, ట్యాంకు లోపల పంపుతో కలిసే ఉంటుంది. మీదీ అలాంటిదేనేమో ముందు మాన్యువల్‌లో చూసుకోండి. అదే అయితే ట్యాంకు తెరవాలి. ఆ పని నేను చేయను, మెకానిక్‌కే ఇస్తాను.