గెడ్డలో ఇసుక గొట్టాలు: వరికి భయం లేదు

ప్రశ్న: మా మళ్ళకు గెడ్డ (కొండవాగు) నీరే ఆధారం. ఈమధ్య గెడ్డ రాళ్ళకు ఇసుక, చిన్న గులకలు అతికించినట్టున్న గొట్టాలు కనిపిస్తున్నాయి. లోపల పురుగు ఉంది. వరిలో వచ్చే గొట్టాల పురుగు ఇదేనా? గెడ్డలో మందు పోయమని కొందరంటున్నారు. పోయవచ్చా?
– ఒక రైతు, పాడేరు మండలం

జవాబు: మందు మాత్రం పోయకండి. మీరు చూసింది కాడిస్ ఈగ పిల్లపురుగు. పేరుకు ఈగే గానీ సీతాకోకచిలుకలకు దగ్గరి చుట్టం. కింది పెదవి దగ్గర నుంచి పట్టుదారం తీసి, నీళ్ళలోనే ఇసుక రేణువులను ఒక్కొక్కటిగా అంటించుకుంటుంది. తడిలోనూ పట్టు వదలని జిగురు అది! ఒళ్ళు పెరిగేకొద్దీ గొట్టాన్ని ముందువైపు పొడిగిస్తుంది. తల పట్టుకుని లాగితే రాదు, తోక దగ్గరి కొక్కేలతో లోపల బిగించుకుంటుంది. సన్నని గడ్డిపుల్లతో వెనక నుంచి మెల్లగా నెట్టండి, అదే బయటికొస్తుంది. పొట్ట పక్కన తెల్లని పోగుల్లా కనిపించేవి మొప్పలు.

ఇలాంటివి ఎక్కువగా కుళ్ళిన ఆకులు, రాళ్ళ మీది పాచి తిని బతుకుతాయి. ఎదిగాక గొట్టాన్ని రాయికి కట్టేసి, రెండు కొసలకూ పట్టుతో మూత పెట్టి, నీరు ఆడే సందు మాత్రం ఉంచి ప్యూపా (రెక్కల పురుగుగా మారే ముందు దశ) అవుతుంది. తర్వాత ఆ మూత కొరుక్కుని పైకి ఈదుతుంది. రాత్రిపూట మీ దీపం చుట్టూ తిరిగే, రెక్కలను ఇంటికప్పులా మడుచుకునే గోధుమరంగు పురుగుల్లో ఇవీ ఉంటాయి. మళ్ళీ గుడ్లు జిగురు ముద్దగా నీటి దగ్గరే. గెడ్డలో చేపలకు ఇదే మేత. నీరు చెడితే ముందు పోయేవాటిలో ఇవీ ఉంటాయి కాబట్టి, ఇవి ఉన్నాయంటే మీ నీరు బాగున్నట్టే.

వరి గొట్టాల పురుగు వేరు, అది సీతాకోకచిలుక లాంటి రెక్కల పురుగు (మాత్) పిల్ల. దాని గొట్టం ఇసుకది కాదు, వరి ఆకు ముక్కది. ఆకు కొసలు కత్తెరతో కోసినట్టుంటే, ఆకుల మీద పచ్చదనం గీకేసి తెల్ల చారలుంటే, నిలవ నీటిపై ఆకు గొట్టాలు తేలుతుంటే అదే. అప్పుడు మడిలో నీరుండగానే పైరు మీద తాడు లాగండి. రాలిన గొట్టాలు నీటితో కింది మడికి పోకుండా మదుం (మడి నీరు బయటికి పోయే దారి) దగ్గర దోమతెర ముక్క అడ్డం పెట్టి నీరు తీసేయండి, చిక్కినవాటిని పాతిపెట్టండి. 2–3 రోజులు ఆరగడితే నీరు లేక మిగిలినవి చస్తాయి. తాడుకు కిరోసిన్ పూయడం పాత అలవాటు. మీ మళ్ళ నీరు తిరిగి గెడ్డలోకే దిగుతుంది కాబట్టి మీరు ఆ పని చేయకండి.