అన్నయ్య గురించి అమ్మను మాట్లాడనివ్వండి

ప్రశ్న: మాది మల్కాజిగిరి. శ్రీలంక ప్రభుత్వానికీ తమిళ పులులకూ మధ్య పోరు ఆపడానికని మన దేశం పంపిన శాంతిసేనతో అన్నయ్య 1987లో అక్కడికి వెళ్లి జాఫ్నా దగ్గర చనిపోయాడు. అప్పటికి 23 ఏళ్లు. అస్థికలు మాత్రమే ఇంటికొచ్చాయి. అమ్మకు ఇప్పుడు 82. అక్టోబరు వస్తే చాలు, వాడి ఫొటో ముందు కూర్చుని గంటలు గంటలు మాట్లాడుతుంది. తమ్ముడేమో "ఎవరి యుద్ధంలోనో పోయాడు, ఇంకెన్నాళ్లీ ఏడుపు? డాక్టరుకు చూపిద్దాం" అంటున్నాడు. నాకేమీ పాలుపోవడం లేదు.

జవాబు: ఫొటోతో మాట్లాడటం జబ్బు కాదమ్మా. కొడుకు ముఖం ఆఖరిసారి చూసుకోలేకపోయిన తల్లి ఆమె. కళ్లారా చూడని చావును మనసు ఓ పట్టాన ఒప్పుకోదు. ఇంట్లో వినేవాళ్లు లేకే ఫొటోకు చెప్పుకుంటున్నారేమో. వెళ్లి పక్కన కూర్చోండి. వాడికి ఏ కూర ఇష్టం, సెలవులకు వస్తే ఏం చేసేవాడు అని అడగండి. వాడు రాసిన ఇన్‌ల్యాండ్ లెటర్లు ఉంటే చదివి వినిపించండి. ఆమె చెప్పేవి ఫోన్లో రికార్డు చేసుకోండి, ఆ సంగతులు ఇంకెవరికీ తెలియవు.

"ఎవరి యుద్ధంలోనో" అన్న మాట నాకూ బాధ కలిగించింది. మన సైన్యం 1990 దాకా అక్కడ ఉంది. దాదాపు 1,200 మంది తిరిగి రాలేదు. అసలు పంపడం సరైనదేనా అన్న వాదన ఇప్పటికీ నడుస్తోంది, నడవనివ్వండి. పొమ్మంటే వెళ్లిన కుర్రాడిని, వాడిని కన్న తల్లిని దానికి జవాబు అడగడం అన్యాయం. బంధువులెవరైనా ఆ మాట ఎత్తితే అమ్మ ముందు వద్దని గట్టిగానే చెప్పండి.

అలాగని తమ్ముడి మీద కోపం పెట్టుకోకండి. అప్పటికి చిన్నపిల్లాడే అయి ఉంటాడు కదా? ఇంటి మీద పిడుగు పడ్డ రోజుల్లో పెద్దవాళ్లు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తారు, పిల్లాడిని మాత్రం "పోయి ఆడుకో" అంటారు. ఆ తర్వాత పోయిన అన్న ఏటికేడు ఇంకా మంచివాడవుతూ ఉంటాడు. ఉన్న తమ్ముడు ఎంత చేసినా ఆ లెక్కకు రాడు. ఇలాంటి ఇళ్లు నేను చాలా చూశాను. ఆయన విసుగులో అప్పుడు ఏడవని ఏడుపు ఉందనిపిస్తోంది. ఒంటరిగా ఉన్నప్పుడు "ఆ రోజు నీకేం గుర్తుందిరా?" అని అడిగి, మధ్యలో సలహాలివ్వకుండా వినండి. మీతో చెప్పుకోలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయమనండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

అమ్మ తిండీ నిద్రా మానేసినా, వాడొస్తున్నాడంటూ వీధిలోకి వెళ్లిపోతున్నా అప్పుడు డాక్టరు దగ్గరకు వెళ్లాల్సిందే. అది మతిమరుపు జబ్బు కావచ్చు.

ఢిల్లీలో 2019లో ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలో, త్యాగ చక్రం గోడల మీద శ్రీలంకలో ప్రాణాలు విడిచిన మన సైనికుల పేర్లు కూడా చెక్కారు. అన్నయ్య రెజిమెంటు, సర్వీసు నంబరు పట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. అంత ప్రయాణం అమ్మకు కష్టమైతే సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లోనే వీరుల సైనిక స్మారకం ఉంది. లోపలికి అనుమతి తీసుకోవాలా అన్నదీ ఆ కార్యాలయంలోనే కనుక్కుని, ముగ్గురూ కలిసి వెళ్లండి. తమ్ముడు రానన్నా ఇంకోసారి అడగండి.