ఎండాకాలం మిద్దె మీద మొక్కలకు రోజుకు ఎన్నిసార్లు నీళ్లు పోయాలి, ఏమేం సామాను కొనాలి?

అడిగినాయన కింద రాసిండు చూడుండ్రి, "పొద్దున ఒకసారి మాపటికి ఒకసారి పోస్తున్న, అయినా పగటీలి కాంగనే మొక్కలన్నీ వాలిపోతున్నయి, ఇగ మధ్యాహ్నం సుత ఒకసారి పోద్దామనుకుంటున్న" అని. ఆ ముక్క చదివినంక ఊకుండలేక రాస్తున్న. వద్దన్నా, ఆ మూడోసారి పోయకు. నేను పోసిన. పోసి పోసి పిందెల మీదున్న ఆనిగెపు పాదును, మీ దిక్కు సొరపాదు అంటరేమో, నా చేతులతోనే సంపుకున్న.

మాది పాలమూరు. మిద్దె మీద కుండీలు, బ్యాగులు, పెయింట్ డబ్బాలు అన్నీ కలిపి డెబ్బై దాక ఉంటయి, ఆరేండ్ల సంది పెంచుతున్న. చదివి నేర్చుకున్నదేం లేదు, సగం మా అత్తమ్మ చెప్పింది, ఇంకో సగం మొక్కలు సచ్చి చెప్పినయి.

రెండేండ్ల కింద ఫిబ్రవరిల రెండు ఆనిగెపు గింజలు పెట్టిన. ఒకటి పెద్ద గ్రో బ్యాగుల, మెట్ల పక్కనే, రోజూ కండ్లవడేటట్టు, దానికి మంచి ఎర్రమట్టి, పశువుల ఎరువు, అన్నీ కొలిచి కలిపిన. ఇంకోటి ఆ కొసకు ట్యాంకు ఎనక పాత పెయింట్ బకెట్ల, గింజ మిగిలింది కదా అని గుచ్చిన అంతే. ఏప్రిల్ నడిమిట్లకు పెద్ద బ్యాగుదానికి పిందెలు దిగినయి. మొదటి పిందె నా బొటనవేలంత, మీద తెల్లటి నూగు, కొసకు వాడిపోయిన పువ్వు ఇంకా అతుక్కునే ఉంది, పొద్దున లేవంగనే చాయ్ గ్లాసు పట్టుకొని పోయి దాన్ని చూసుడే పని. ఎండ చూస్తే 42, 43. ఒకరోజు ఒంటిగంటకు బట్టలు తీద్దామని పైకి పోతే పాదు మొత్తం ఆకులు గొడుగు మూసినట్టు కిందికి ఏలాడుతున్నయి. పానం గుంజింది. అయ్యో దూపయితుంది కావచ్చని ఒక బకెట్ గుమ్మరించిన. మాపటికి లేచి నిలవడ్డది. చూసినవా, నేను పోస్తేనే లేచింది అనుకున్న. తెల్లారి ఒంటిగంటకు మళ్ల వాలింది, మళ్ల బకెట్. గట్ల పది పన్నెండు రోజులు.

తర్వాత కింది ఆకులు పసుపుకొచ్చినయి, పిందె కొస మెత్తగయింది, ఇంకో రెండు రోజులకు పొద్దుగాల ఆరింటికి సుత వాలే ఉంటుంది. బుద్ధి ఉంటే గప్పుడన్న ఆగాలె కదా, లేదు, ఎండ ముదిరింది అనుకొని ఇంకో చెంబు ఎక్కువ పోసిన. నర్సరీల అడిగితే మొక్కను చూడలేదు, ఎన్ని నీళ్లు పోస్తున్నవని అడగలేదు, ఏదో మందు డబ్బా చేతుల పెట్టి పైసలు తీసుకున్నరు. మందులమ్మేటోన్ని రోగం అడిగితే గట్లనే ఉంటది లే.

మా అత్తమ్మది నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు. ఆ ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగి పెరిగిన మోకాళ్లు, మెట్లెక్కాలంటే గోడ పట్టుకొని ఒక్కో మెట్టు. పెండ్లి ఉందని వచ్చింది, పాదు చూస్తనని పట్టుబట్టి పైకెక్కింది. ఏం మాట్లాడకుండ బ్యాగు పక్కన కూసొని మట్టిల మణికట్టు దాక చెయ్యి పెట్టింది, బయటికి తీసి ముక్కుకు పెట్టుకుంది, తర్వాత నా ముక్కుకు పెట్టింది. మోరీ వాసన.

"మురిగింది పిల్లా. పగటీలి వాలినదానికి ఎవరన్న నీళ్లు పోస్తరానే? పొద్దుగూకినంక సూడాలె. నువ్వు పగటీలి అన్నం తిని ఒరగవా? దానికి ఒరగబుద్ధి గాదా?"

పీకి చూస్తే తెల్లగ ఉండాల్సిన వేర్లు గోధుమ రంగుకొచ్చినయి, రెండు వేళ్ల నడుమ పట్టి గుంజితే పైపొర సాక్సు లెక్క ఊడివచ్చి లోపల సన్నటి దారం మిగులుతుంది. అత్తమ్మ లేచి, అట్లనే ట్యాంకు ఎనకకు నడిచి, అక్కడున్న పెయింట్ బకెట్ పాదు చూపెట్టింది. దానికి పొద్దున పూట నీళ్లు తప్ప ఏం లేవు, బకెట్ మోసుకొని అంత దూరం పోవుడు నాకు బద్ధకం. అది సుత రోజూ ఒంటిగంటకు వాలింది, రోజూ మాపటికి లేచింది, ఎవరు పోయకుండనే. ఆ ఏడాది మేము తిన్న ఆరు కాయలు దానివే.

ఇందుల పెద్ద లెక్కేం లేదు. ఎండ నెత్తి మీదున్నప్పుడు ఆకులు వదిలే నీళ్లతో వేర్లు గుంజే నీళ్లు సరితూగవు, మట్టిల నీళ్లున్నా సరే ఆకు వాలుతది. ఆనిగెపు, బీర, గుమ్మడి, పెద్ద ఆకులున్నవన్నీ అంతే. వేర్లకు నీళ్లతో పాటు గాలి కావాలె, రోజుకు మూడుసార్లు ముంచితే మట్టి సందులల్ల గాలి పోయి వేరు కుళ్లుతది, కుళ్లిన వేరు నీళ్లు గుంజది, ఇగ ఆకు పొద్దున సుత వాలుతది, మనం దూప అనుకొని ఇంకా పోస్తం. నన్నడిగితే ఎండాకాలం కుండీల మొక్కలు దూపకు సచ్చేటివి తక్కువ, మన పావురానికి, అంటే అతి ప్రేమకు, సచ్చేటివే ఎక్కువ.

ఇగ ఎన్నిసార్లు అంటే, గడియారం చూసి పోయకు, వేలు పెట్టి చూడు. రెండు కణుపుల లోతుకు తడి తగిలితే ఆ పూట వద్దు. పన్నెండు ఇంచుల కుండీకి నాకు మే నెలల పొద్దున లీటరున్నర నుంచి రెండు లీటర్లు పడ్తది, చిన్న కుండీలు, పుదీన అయితే మాపటికి ఇంకోసారి. ఇంకో మోసం ఉంది, చాలామంది పట్టించుకోరు. మట్టి బాగ ఎండితే ముడుచుకొని కుండీ అంచు నుంచి దూరం జరుగుతది, నువ్వు పోసిన నీళ్లు ఆ సందుల నుంచి జారి కింది పొక్కల నుంచి బయటికొస్తయి, మనమేమో ఆహా నిండింది అనుకుంటం, నడిమిట్ల వేరు దగ్గర మాత్రం దుమ్మే. కోకోపీట్, అంటే కొబ్బరి పొట్టు, ఎక్కువ కలిపినోళ్లకు ఇది ఇంకా ఎక్కువ. అందుకే ముందు అరచెంబు పోసి పక్క కుండీకి పో, డెబ్బై కుండీలు తిరిగొచ్చేసరికి మొదటిది నాని ఉంటది, గప్పుడు మిగిలింది పోయి.

పొద్దున ఏడు లోపల అయిపోవాలె. మాపటికి పోస్తే ఏమైతదని అడుగుతరు, మిద్దె మీద నల్లటి ట్యాంకు ఉన్నోళ్లు నాలుగింటికి నల్లా తిప్పి చెయ్యి పెట్టుండ్రి తెలుస్తది, స్నానానికి సుత పనికిరాదు, అంత వేడి. ఎండల పడి ఉన్న పైపు అయితే ఇంకా అధ్వాన్నం, మా పక్కింటి పిల్లగాడు ఒకసారి సాయం చేద్దామని ఆ పైపుతోనే నా మిరపనారు తడిపిండు, అరగంటల నారంతా ఉడికిన పుంటికూర లెక్క అయింది. పైపుల మొదటి నీళ్లు బకెట్‌లకు వదలాలె. మాపటికి పోసే చిన్న కుండీల కోసం నేనైతే నీడకు ఒక గోలెం పెట్టి రాత్రి నింపుతున్న, నల్లా ఎట్లాగు రోజు విడిచి రోజే కదా.

మీదికి ఎండు ఆకులో వరిగడ్డో మూడు వేళ్ల మందం పరవాలె, కాండానికి తగలకుండ. ఇది చేసినంక నాకు నీళ్లు దాదాపు సగం తగ్గినయి.

సామాను సంగతి. ఆన్‌లైన్ల అయిదు ముక్కల సెట్టని రంగురంగుల పిడులతోటి వస్తది, నేను సుత కొన్న, చిన్న పార రెండో రోజే మెడ దగ్గర వంగింది, మూడు పండ్లున్నది దేనికో నాకు ఇప్పటికి సుత సమజ్ కాలేదు, మా ఆయన దాంతో వీపు గోక్కుంటడు. కమ్మరి చేసిన చిన్న కుర్పీ ఒకటి, మంచి కట్టరు ఒకటి, సన్నటి జల్లు పడే మూతున్న క్యాను ఒకటి, అంతే. దుడ్లు మిగిలితే సగం ఎండను ఆపే 50 శాతం గ్రీన్ నెట్ కొనుండ్రి, మొక్కల మీద కప్పకుండ ఏడెనిమిది అడుగుల ఎత్తున కట్టాలె, నెత్తికి తగిలేటట్టు కడితే కింద ఉడుకు పడ్తది. నాలుగు మూలలా మాత్రం ఇనుప తీగతోనే కట్టుండ్రి, మా నెట్టును కోతులు ఊయల చేసుకున్నయి. కోతుల గురించి మొదలువెడితే ఇంకో జవాబు రాయాలె, వదిలేస్తున్న.

ఆర్‌ఓ మిషన్ నుంచి వదిలే నీళ్లు మొక్కలకు పోయుండ్రి అని వీడియోలల్ల చెప్తున్నరు చూడుండ్రి, వాళ్లకు మన దిక్కు బోర్లు ఎరుకనా అసలు? మిషన్ మన నీళ్లల్లకెంచి తీసిన ఉప్పులన్నీ ఆ పైపులకే పోతయి, ఆరు నెలలు పోసిన కుండీల అంచుకు తెల్లగ పేరుకుంది, ఆకు కొసలు మాడినయి. ఫ్లోరైడ్ నీళ్ల కోసం పటిక, సున్నం, బ్లీచింగ్ వేసి తేర్చే పద్ధతికే నల్లగొండ పేరు పెట్టిండ్రు, గంత ఖ్యాతి మన బోర్లది. ఆ నీళ్లు కుండీల పోయకుండ ఇల్లు కడగడానికి వాడుకోరి. ఏసీ నుంచి కారే నీళ్లు వేరే, వాటిల ఉప్పు ఉండదు, అవి పట్టి పోసుకోవచ్చు.

ఊరికి పోయేది ఉంటే సెలైన్ పైపు పనికొస్తది. 2018ల మన పాలమూరు పిల్లలమర్రికి, ఆ పెద్ద మర్రిచెట్టుకు, చెదలు పడితే కొమ్మలకు సెలైన్ సీసాలు ఏలాడదీసిండ్రు, యాదికున్నదా, పేపర్లల్ల ఫోటోలు వచ్చినయి. అది చెదల మందు, నీళ్లు కాదు, కానీ నాకు ఆలోచన వచ్చింది అక్కడనే. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాను బోర్లించి, సెలైన్ సెట్టు గుచ్చి, అడుగుకు చిన్న పొక్క పొడిచి, చుక్కలు తగ్గించి పెడితే ఒక కుండీకి రెండు రోజులు వస్తది. చుక్కలు తగ్గించే ఆ చక్రం మరీ బిగించొద్దు, ఉప్పు నీళ్లకు తొందరగ పూడుతది. అత్తమ్మ అయితే నవ్వింది, వాళ్ల దిక్కు మామిడి మొక్క పెడితే పక్కన చిల్లు కుండ పాతి, చిల్లుల పాత పేలిక కుక్కి, కుండ నింపి మూత పెడ్తరట, అదే చెమ్మగిల్లుకుంట వారం పోతదట. పెద్ద కుండీలల్ల నేను ఇప్పుడు చిన్న గురిగితో అదే చేస్తున్న, సీసాల కంటే నయముంది, చూడనీకె సుత మంచిగుంది.

టమాట పూత రాలుతుందని ఎవరో కింద అడిగిండ్రు, ఈ ఎండలకు అది నిలవదు, నీళ్లతో ఆగేది కాదు, ఊరికె పరేషాన్ గాకుండ్రి. ఇప్పుడు తోటకూర, బచ్చలి, గంగవాయిలి, బెండ, గోరుచిక్కుడు పెట్టుకోరి. కొత్త మొక్కలు కొనేది ఉంటే రోహిణి కార్తె పోనిచ్చి మిరుగం, అంటే మృగశిర కార్తె, దాటినంక కొనుండ్రి, మే నెలల నర్సరీ నీడకెంచి తెచ్చి మిద్దె మీద పెడితే వారం సుత ఆగవు.

అన్నా, నీ పాదు ఫోటో ఒంటిగంటకు తీసింది పెట్టినవ్. ఈరోజు నీళ్లు పోయకుండ ఆరున్నరకు పోయి ఇంకోటి తీసి పెట్టు, చూసి చెప్తా.