బీరు మాట మీద వ్యాసం రాసిన అమ్మాయికి

అమ్మాయికి ఆశీస్సులు.

బీరుకు లాటిన్‌లో ఉన్న పేరు మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. వాక్యం శుభ్రంగా నడుస్తోంది. మొదటి పేరా మాత్రం కొట్టెయ్.

రోమన్ల పంటల దేవత కేరేస్ పేరుకు బలం అనే అర్థమున్న ‘వీస్’ చేరి ‘కెరెవీసియా’ పుట్టిందని మొదలుపెట్టావు. వినడానికి ముచ్చటగా ఉంది, అందుకే అనుమానించాల్సింది. సెవిల్ బిషప్ ఇసిడోర్ కూడా ఈ మాటను కేరేస్‌కే ముడిపెట్టాడు. 636లో కన్నుమూసిన ఆయన మహా పండితుడే కానీ, మాటల పుట్టుక దగ్గర చెవిని మరీ నమ్మాడు. అంతకు అయిదున్నర శతాబ్దాల ముందే రోమన్ రచయిత ప్లినీ ధాన్యంతో చేసే పానీయాల పేర్లు చెబుతూ ఈజిప్టులో జ్యూథుం, స్పెయిన్‌లో కేలియా, కేరెయా, ఇప్పటి ఫ్రాన్స్ ఉన్న చోట, ఆనాటి గౌల్‌లో, కెర్వేసియా అని రాశాడు. నీ కెరెవీసియాకు ఇది మరో రూపం. ద్రాక్షసారా తాగే రోమనుడికి ఇవన్నీ పరాయి సరుకులు. సరుకుతో పాటు పేరూ అక్కడి నుంచే వచ్చింది.

గౌల్‌లో జనం మాట్లాడింది కెల్టిక్ భాష. ప్రాచీన ఐరిష్‌లో ‘కుయిర్మ్’, వెల్ష్‌లో ‘కూరూ’, గ్రీకు వైద్యుడు డయోస్కొరిడీస్ రాసిన ‘కూర్మి’ ఒకచోట పెట్టి చూడు. పండితులు కెర్వేసియాను ఈ కుటుంబంలోనే చేరుస్తారు. మన కూర్మికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. చమత్కారానికైనా ఆ జోలికి పోకు, కేరేస్ కథ పుట్టిందీ అలాగే. అన్నట్టు, బార్లీతో చేసే ఆ కూర్మి తలనొప్పి తెస్తుందని కూడా ఆ వైద్యుడు రాశాడు. అది తప్పకుండా వాడుకో.

నీ వ్యాసానికి ప్రాణమైన విషయాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు. బ్రిటన్ ఉత్తరాన విండోలాండా అనే రోమన్ కోటలో, పల్చటి చెక్కరేకుల మీద సిరాతో రాసిన ఉత్తరాలు దొరికాయి. సుమారు క్రీ.శ. 100 నాటివి. వాటిలో ఒకటి మాస్క్లుస్ అనే అశ్వదళ నాయకుడు పై అధికారి కెరియాలిస్‌కు రాసింది. రేపు అందరం తిరిగి రావాలా, సగం మందిమి వస్తే చాలా అని ఆజ్ఞ కోరి, చివర ఒక ముక్క కలిపాడు: నా తోటి సైనికులకు బీరు లేదు, పంపించమని ఆజ్ఞాపించండి. మరో రేకులో అత్రెక్తుస్ అనే బీరు తయారీదారు పేరు కనిపిస్తుంది. ఆ కోటలోని సైనికులు రోమ్ వాళ్లు కారు, రైన్ నది ముఖద్వార ప్రాంతపు బటావియన్ తెగవాళ్లు. వ్యుత్పత్తి చర్చ పది పేజీలు రాసినా పాఠకుడికి గుర్తుండేది ఆ సైనికుల దాహమే. దానితోనే మొదలుపెట్టు.

తరువాత ధరల దగ్గరికి రా. 301లో డయోక్లెషియన్ చక్రవర్తి గరిష్ఠ ధరలు నిర్ణయిస్తూ శాసనం వేయించాడు. సుమారు అర లీటరు కొలతకు మామూలు ద్రాక్షసారా 8 దినారాలు, కెర్వేసియా 4, ఈజిప్టు జ్యూథుం 2. రోమన్లు బీరును చిన్నచూపు చూశారని నువ్వు మూడు విశేషణాలతో చెప్పావు. ఆ మూడూ తీసేసి ఈ మూడు అంకెలు పెట్టు.

రోమన్ల కాలంలో ‘క’ అని పలికిన లాటిన్ అక్షరం C కొన్ని స్వరాల ముందు క్రమంగా ‘స’ వైపు జారింది. అందుకే ప్రాచీన కాలానికి కెర్వేసియా అని, తరువాతి రూపాలకు ‘స’తో రాయి. నీ ప్రతిలో రెండూ కలగాపులగంగా ఉన్నాయి. స్పానిష్ సెర్వేసా, పోర్చుగీసు సెర్వేజా ఆ కెర్వేసియా సంతానమే. ఫ్రెంచిలో మాత్రం ‘సెర్వుఆజ్’ పాతబడిపోయి, హాప్స్ పువ్వు వేసి కాచే కొత్త రకంతో పాటు వచ్చిన ‘బియేర్’ నిలిచింది. దీనికి ఇంకో పేరా ఇవ్వవచ్చు.

ఈస్ట్ శాస్త్రీయ నామం శాకరోమైసిస్ సెరివిసియేలోనూ ఈ మాటే ఉందన్న సంగతికి ఒక్క వాక్యం చాలు. ఇంటర్‌లో జీవశాస్త్రం చదివినవారు వెంటనే పోల్చుకుంటారు.